గృహనిర్మిత గేమింగ్ కంప్యూటర్లలో నీలితెర దోషం: కారణ నిర్ధారణ పద్ధతి

వ్యాససంగ్రహం: విడిభాగాలు కొని ఇంట్లోనే కూర్చుకున్న గేమింగ్ కంప్యూటర్ పదే పదే నీలితెర చూపి ఆగిపోయినప్పుడు, తెరపై కనిపించిన సంకేతాన్నే కారణంగా భావించి ఏదో ఒక భాగాన్ని మార్చడం తరచుగా జరుగుతుంది. సంకేతానికీ కారణానికీ గల అంతరాన్ని వివరించి, అన్వయ వ్యతిరేకాల ఆధారంగా దోషస్థానాన్ని గుర్తించే క్రమాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నీలితెర, కెర్నల్, డ్రైవర్, మెమరీ, అన్వయ వ్యతిరేకాలు.

1. ఉపోద్ఘాతం

ఒకే సంస్థ తయారుచేసి అమ్మే కంప్యూటర్‌లో భాగాల పొంతనను ఆ సంస్థే పరీక్షిస్తుంది. ఇంట్లో కూర్చుకున్న యంత్రంలో ప్రాసెసర్ ఒకరిది, మదర్‌బోర్డు మరొకరిది, మెమరీ ఇంకొకరిది. ప్రతి భాగానికీ విడిగా వారంటీ ఉంటుంది. వాటి కలయికకు పూచీ పడేవారు ఉండరు. అందువల్ల దోషనిర్ధారణ భారం కూర్చినవారిపైనే పడుతుంది. నిర్ధారణ తప్పితే డబ్బు వృథా కావడమే కాదు, దోషమున్న భాగం యంత్రంలోనే మిగిలిపోతుంది.

2. నీలితెర స్వభావం

విండోస్‌లో సాధారణ ప్రోగ్రాములు యూజర్ మోడ్‌లో, వ్యవస్థ కేంద్రభాగమైన కెర్నల్, అధికశాతం డ్రైవర్లు కెర్నల్ మోడ్‌లో పనిచేస్తాయి. యూజర్ మోడ్‌లో తప్పు జరిగితే ఆ ప్రోగ్రాము ఒక్కటే మూతపడుతుంది. కెర్నల్‌లో తప్పు జరిగితే, పాడైన సమాచారంతో ముందుకు సాగడం కంటే ఆగిపోవడమే క్షేమమని వ్యవస్థ తనంతట తానే ఆగుతుంది. కాబట్టి నీలితెర దోషం కాదు, దోషాన్ని గుర్తించిన ప్రకటన. విండోస్ ఎన్‌టీ తొలి రూపం వెలువడిన 1993 నుంచి ఈ ఏర్పాటు ఉంది. 2025లో విండోస్ 11లో తెర రంగు నలుపుగా మారినా స్వభావం మారలేదు.

ఆగిన క్షణంలోని స్థితిని వ్యవస్థ ఒక చిన్న ఫైలుగా విండోస్ ఫోల్డరులోని మినీడంప్ ఫోల్డరులో భద్రపరుస్తుంది. దానిని విన్‌డీబీజీ అనే ఉపకరణంతో విశ్లేషించవచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్ పవర్ 41 అనే నమోదును మాత్రం కారణంగా భావించరాదు. యంత్రం సక్రమంగా మూతపడలేదని చెప్పడమే దాని పని.

3. సంకేతం, కారణం

డంప్ విశ్లేషణలో పేరు కనిపించిన డ్రైవర్ నేరస్థుడే కానక్కరలేదు, బాధితుడు కూడా కావచ్చు. మెమరీలో ఒక బిట్ తారుమారైతే, దానిని తర్వాత చదివిన డ్రైవర్ కూలిపోతుంది. పేరు దానిదే నమోదవుతుంది. కనుక ఒక్క ఘటన కంటే ఘటనల వరుస ముఖ్యం. ప్రతిసారీ ఒకే డ్రైవర్, ఒకే సంకేతం కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌ను ముందుగా అనుమానించాలి. సంకేతాలు, డ్రైవర్ల పేర్లు ప్రతిసారీ మారుతుంటే మెమరీని, ప్రాసెసర్‌ను అనుమానించాలి. డంప్ ఏదీ మిగలకుండా యంత్రం హఠాత్తుగా ఆరిపోతే విద్యుత్ సరఫరాను, ఉష్ణోగ్రతను పరిశీలించాలి.

ఇందుకు రెండు ఉదాహరణలు గమనార్హం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్ట ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నిలిచిపోయాయి. హార్డ్‌వేర్ ఎంత భిన్నమైనా దోషం ఒక్కటే. ఆ ఫైలును తొలగించగానే యంత్రాలు కోలుకున్నాయి. అదే ఏడాది ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అస్థిరత వెల్లడైంది. కొన్ని గేములు వీడియో మెమరీ చాలలేదని సందేశం చూపడంతో వినియోగదారుల అనుమానం గ్రాఫిక్స్ కార్డుపైకి మళ్లింది. అసలు కారణం ప్రాసెసర్‌కు అందుతున్న అధిక వోల్టేజి. ఇంటెల్ మైక్రోకోడ్ సవరణలు విడుదల చేసింది. అయితే అవి అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్లను బాగుచేయలేవు.

4. పరీక్షా క్రమం

4.1. ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి నకలు చేయాలి. తర్వాత ప్రతి ఘటన తేదీ, సమయం, సంకేతం, అప్పుడు జరుగుతున్న పని రాసిపెట్టుకోవాలి.

4.2. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అమరికను నిలిపివేయాలి. పెట్టెపై 3600 అని ముద్రించిన డీడీఆర్4 మెమరీ చాలా సందర్భాల్లో 2133 లేదా 2400 వంటి ప్రామాణిక వేగంతోనే మొదలవుతుంది. ముద్రిత వేగం ఈ అమరికతో వచ్చే అదనపు వేగం. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంటుంది కనుక మెమరీ లోపరహితమైనా ఆ వేగాన్ని ప్రాసెసర్ భరించలేకపోవచ్చు. రెండు స్టిక్కుల కంటే నాలుగు స్టిక్కులు కంట్రోలర్‌పై ఎక్కువ భారం మోపుతాయి.

4.3. మెమ్‌టెస్ట్86ను యూఎస్‌బీ నుంచి నడిపి, మెమరీని రాత్రంతా పరీక్షించాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుందనే స్థాలీపులాక న్యాయం ఇక్కడ చెల్లదు. 16 జీబీ మెమరీలో 13,700 కోట్లకు పైగా బిట్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి చెడినా చాలు. దోషం కనిపిస్తే స్టిక్కులను ఒక్కొక్కటిగా, ఒకే స్లాటులో పరీక్షించాలి. దోషం స్టిక్కు వెంట కదిలితే లోపం స్టిక్కుది. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాటులో దోషం వస్తే లోపం మదర్‌బోర్డుది లేదా ప్రాసెసర్ సాకెట్టుది.

4.4. మెమరీ నిర్దోషి అని తేలితే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి తిరిగి స్థాపించాలి. బయాస్‌ను తాజా రూపానికి మార్చాలి. ఆ తర్వాత ప్రాసెసర్ కూలర్ బిగింపును, విద్యుత్ కేబుళ్లను పరిశీలించాలి.

5. నిరూపణ

ఏ దశలోనైనా ఒకసారి ఒక్క మార్పే చేయాలి. మూడు మార్పులు కలిపి చేస్తే, దోషం తొలగినా దేనివల్ల తొలగిందో తెలియదు. మార్పు తర్వాత కొన్ని రోజులు నీలితెర రాకపోవడం కాకతాళీయం కావచ్చు. సగటున మూడు రోజులకొకసారి యాదృచ్ఛికంగా వచ్చే దోషం ఏ మార్పూ లేకుండానే వరుసగా మూడు రోజులు కనిపించకపోయే సంభావ్యత సుమారు 37 శాతం. తొమ్మిది రోజులు కనిపించకపోయే సంభావ్యత సుమారు 5 శాతం. కాబట్టి దోషాల మధ్య సగటు వ్యవధికి కనీసం మూడింతల కాలం వేచి చూడాలి. అనుమానిత భాగాన్ని తొలగించినప్పుడు దోషం పోవడం వ్యతిరేకం. తిరిగి అమర్చినప్పుడు దోషం మళ్లీ రావడం అన్వయం. రెండూ నెరవేరినప్పుడే నిర్ధారణ బలపడుతుంది.

6. ముగింపు

నీలితెర వినియోగదారుకు విసుగు కలిగించినా, దోషాన్ని బయటపెట్టి మేలే చేస్తుంది. దానికంటే ప్రమాదకరమైనది ఏ తెరా చూపని దోషం. చెడిన మెమరీ గుండా సాగిన ఫైలు ఏ హెచ్చరికా లేకుండా తప్పుగా డిస్కుకు చేరవచ్చు; ఆ తప్పు నకలులోకీ పాకవచ్చు. ఆటల కోసం కూర్చిన యంత్రంపైనే సిద్ధాంత గ్రంథమూ, పరిశోధన దత్తాంశమూ ఉన్న ఇళ్లలో ఇది కేవలం ఆటకు సంబంధించిన సమస్య కాదు. అందుకే యంత్రం బాగుపడిన తర్వాత, దోషకాలంలో భద్రపరచిన ఫైళ్లను తెరచి సరిచూసుకున్నప్పుడే ఈ పరిశీలన పూర్తవుతుంది.