‘డెలివర్డ్’ అని మెసేజ్ వచ్చింది, ఫోన్ మాత్రం రాలేదు: ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

మొన్నామధ్య నాన్న కోసం ఒక ఫోన్ ఆర్డర్ పెట్టాను. ధర 18,499 రూపాయలు. ఆయన పాత ఫోన్ స్క్రీన్ పగిలి ఏడాది అయింది. “పని చేస్తోంది కదరా, ఎందుకు ఖర్చు” అని దాంతోనే నెట్టుకొస్తున్నారు. ఈసారి ఊరెళ్లేటప్పుడు చేతిలో పెడదామని నా ప్లాన్.

గురువారం మధ్యాహ్నం మాదాపూర్‌లో ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. ఫోన్ మోగింది. “అన్నా, పార్సెల్ ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. వాచ్‌మెన్‌కి ఇచ్చేస్తా, ఓటీపీ చెప్పవా?” అన్నాడు డెలివరీ అబ్బాయి. మీటింగ్ మధ్యలో ఎక్కువ మాట్లాడలేక ఆరు అంకెలు చెప్పేసి కట్ చేశాను. రెండు సెకన్లలో ‘డెలివర్డ్’ అని మెసేజ్ వచ్చింది.

సాయంత్రం కేపీహెచ్‌బీ దగ్గర మా బిల్డింగ్‌కి వచ్చి వాచ్‌మెన్‌ని అడిగితే, “నాకేం ఇయ్యలే సార్, పొద్దున్నుంచి ఇక్కడే ఉన్న” అన్నాడు.

ఆ తర్వాత ఆరు రోజులు నేను పడ్డ తిప్పలు, వాటి వల్ల తెలిసిన విషయాలు ఈ ఆర్టికల్‌లో చెబుతాను. ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌లు ఆన్‌లైన్‌లో కొనే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది పనికొస్తుంది.

ఓటీపీ అంటే మీ సంతకం

ముందు నేను చేసిన పెద్ద తప్పు గురించి. డెలివరీ ఓటీపీ అంటే అబ్బాయి పని తొందరగా అవ్వడానికి చెప్పే నంబర్ అనుకుంటాం. కంపెనీ సిస్టమ్ దృష్టిలో అది “పార్సెల్ నా చేతికి వచ్చింది” అని మీరు పెట్టిన సంతకం. పాత రోజుల్లో పోస్ట్‌మ్యాన్ కాగితం మీద సంతకం తీసుకునేవాడు. వస్తువు చూడకుండా ఎవరూ పెట్టేవాళ్లు కాదు. ఇప్పుడు అదే సంతకాన్ని ఫోన్‌లో, కళ్లతో చూడకుండా పెట్టేస్తున్నాం.

కస్టమర్ కేర్‌కి కంప్లయింట్ ఇస్తే మొదటిసారి ఒక్క రోజులో క్లోజ్ చేశారు. “ఓటీపీ వెరిఫై అయింది కాబట్టి ఆర్డర్ మీకు అందింది” అన్నది కారణం. రెండోసారి పెట్టినా అదే సమాధానం. ఓటీపీ చెప్పకపోయి ఉంటే, పార్సెల్ ఇచ్చామని వాళ్లు చూపించాల్సి వచ్చేది. చెప్పేశాను కాబట్టి, రాలేదని నేను నిరూపించుకోవాల్సి వచ్చింది. రాని వస్తువు రాలేదని ఎలా నిరూపిస్తాం చెప్పండి?

అందుకే నా ఫస్ట్ రూల్: బాక్స్ మీ చేతిలోనో, మీరు చెప్పిన మనిషి చేతిలోనో పడ్డాకే ఓటీపీ. మీరు ఇంట్లో లేకపోతే “వాచ్‌మెన్‌కి ఫోన్ ఇవ్వు బ్రదర్, ఆయన చెప్పాక ఓటీపీ చెబుతా” అనండి. పది సెకన్ల పని. నేను ఆ పది సెకన్లే మిగుల్చుకున్నాను.

ట్రాకింగ్‌లో ఒక్కో మాటకి అర్థం ఏంటి?

‘షిప్డ్’ అని కనిపించగానే పార్సెల్ లారీ ఎక్కేసిందని సంబరపడతాం. కొన్నిసార్లు అప్పటికి లేబుల్ మాత్రమే ప్రింట్ అయి ఉంటుంది, బాక్స్ ఇంకా సెల్లర్ దగ్గరే ఉంటుంది. కొరియర్ హబ్‌లో మొదటి స్కాన్ పడినప్పుడే అది నిజంగా బయల్దేరినట్టు.

‘అవుట్ ఫర్ డెలివరీ’ అంటే మీ ఏరియా హబ్‌లో ఆ రోజు ఒక రైడర్ లిస్ట్‌లోకి మీ పార్సెల్ చేరిందని. అతని బ్యాగ్‌లో ఇంకా చాలా ఉంటాయి. మధ్యాహ్నం మూడైనా రాలేదని కంగారు పడక్కర్లేదు.

చిరాకు తెప్పించేది ‘డెలివరీ అటెంప్టెడ్, కస్టమర్ నాట్ అవైలబుల్’. రోజంతా ఇంట్లోనే ఉన్నా ఇది వస్తుంది. సాయంత్రానికి రైడర్ తన లిస్ట్‌లోని ప్రతి పార్సెల్‌కీ ఏదో ఒక స్టేటస్ పెట్టాలి. టైమ్ చాలకపోతే కొందరు తేలికైన ఆప్షన్ నొక్కేస్తారు. ఇలాంటి అటెంప్ట్‌లు కొన్ని అయితే పార్సెల్ సెల్లర్‌కి వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి ఈ మెసేజ్ రాగానే అదే రోజు యాప్‌లో “ఎవరూ రాలేదు, కాల్ కూడా రాలేదు” అని కంప్లయింట్ పెట్టండి. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ఇంకో సంగతి. షాపింగ్ యాప్‌లో కనిపించే ట్రాకింగ్ నంబర్‌ని కొరియర్ కంపెనీ సొంత సైట్‌లో వేసి చూడండి. థర్డ్ పార్టీ కొరియర్ అయితే, ఏ హబ్‌లో ఎన్ని గంటలకి స్కాన్ అయిందో అక్కడ ఇంకా వివరంగా కనిపిస్తుంది.

మన అడ్రస్‌లే ఒక పజిల్

మనం అడ్రస్ ఎలా రాస్తాం? “రామాలయం ఎదురు సందు, పాత పాల బూత్ పక్కన, నీలం గేటు.” పాల బూత్ తీసేసి మూడేళ్లు అయి ఉంటుంది, గేటుకి రంగు మార్చి ఉంటారు. ఇక శ్రీసాయి నిలయం, శ్రీసాయి రెసిడెన్సీ అనే పేర్లు హైదరాబాద్‌లో గల్లీకి ఒకటి ఉంటాయి.

పిన్‌కోడ్ ఉంది కదా అంటారా? మన దేశంలో 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైంది. ఆరు అంకెల్లో చివరి మూడు డెలివరీ పోస్టాఫీసును చెబుతాయి. అంటే అది పార్సెల్‌ని మీ ఏరియా దాకా తెస్తుంది. ఆ ఒక్క పిన్‌కోడ్ కింద ఎన్నో కాలనీలు ఉంటాయి. అక్కడి నుంచి మీ తలుపు దాకా రైడర్‌ని నడిపించేది మ్యాప్‌లో మీరు పెట్టిన లొకేషన్ పిన్.

నా రెండో తప్పు అక్కడే జరిగింది. అడ్రస్ సేవ్ చేసిన రోజు నేను వెనక గల్లీలో టీ తాగుతున్నాను. ‘యూజ్ కరెంట్ లొకేషన్’ నొక్కి, కింద ఇంటి నంబర్ టైప్ చేశాను. అడ్రస్ ఇంటిది, పిన్ టీ కొట్టుది! రెండేళ్లుగా అలాగే ఉంది. పాత రైడర్లకి మా బిల్డింగ్ తెలుసు కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఇప్పుడే మీ షాపింగ్ యాప్‌లో సేవ్ చేసిన అడ్రస్‌లు ఓపెన్ చేసి చూడండి. మ్యాప్‌ని బాగా జూమ్ చేసి, పిన్‌ని సరిగ్గా మీ గేటు మీదకి జరపండి. పాత హాస్టల్ అడ్రస్, మానేసిన ఆఫీస్ అడ్రస్ డిలీట్ చేయండి. ఆఫర్ టైమ్‌లో హడావిడిగా ఆర్డర్ పెడితే అవే సెలెక్ట్ అయిపోతాయి.

పోస్టల్ శాఖ 2025లో డిజిపిన్ అని కొత్త సిస్టమ్ తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి చేశారు. దేశాన్ని సుమారు 4 మీటర్లు x 4 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. డెలివరీ యాప్‌లన్నీ దీన్ని వాడే రోజు వస్తే రెండు శ్రీసాయిల గొడవ తీరిపోతుంది. అప్పటిదాకా మ్యాప్ పిన్నే మనకి దిక్కు.

కాల్ మీ దాకా వస్తోందా?

రైడర్ కాల్స్ చాలావరకు కంపెనీ ఇచ్చే వర్చువల్ నంబర్ నుంచి వస్తాయి. మీ అసలు నంబర్ అతనికి, అతని నంబర్ మీకు తెలియకుండా ఈ ఏర్పాటు. ప్రైవసీకి మంచిదే. కానీ తెలియని నంబర్లను సైలెంట్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా, స్పామ్ బ్లాకర్ గట్టిగా పెట్టినా ఆ కాల్ మోగదు. ‘అవుట్ ఫర్ డెలివరీ’ వచ్చిన రోజు ఆ సెట్టింగ్స్ ఆఫ్ చేసి పెట్టండి.

అలాగని వచ్చిన ప్రతి కాల్‌నీ నమ్మకండి. “కొరియర్ నుంచి, మీ అడ్రస్ దొరకట్లేదు, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబర్ డయల్ చేయండి” అంటే వెంటనే కట్ చేయండి. అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. డయల్ చేస్తే మీ కాల్స్ మోసగాడి ఫోన్‌కి వెళ్తాయి, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలతో సహా. పొరపాటున చేసేసి ఉంటే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ అంతా క్యాన్సిల్ అవుతుంది.

“మీ పార్సెల్ ఆగిపోయింది, లింక్‌లో అడ్రస్ అప్‌డేట్ చేయండి” అని ఇండియా పోస్ట్ పేరుతో వచ్చే ఎస్ఎంఎస్‌లు కూడా ఇలాంటివే. అవి ఫేక్ అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ హెచ్చరించింది. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

బాక్స్ చేతికొచ్చాక చేయాల్సినవి

ఓపెన్ బాక్స్ డెలివరీ ఆప్షన్ ఉంటే ఫోన్లకి తప్పకుండా అదే తీసుకోండి. రైడర్ ముందే బాక్స్ తెరిచి, అంతా సరిగ్గా ఉంటేనే ఓటీపీ చెప్పొచ్చు.

ఆ ఆప్షన్ లేకపోతే అన్‌బాక్సింగ్ వీడియో తీయండి. లేబుల్, సీల్, నాలుగు వైపులా టేప్ చూపించి, కట్ చేయకుండా ఒకే టేక్‌లో ఓపెన్ చేయాలి. ఫోన్ ఆన్ చేసి *#06# డయల్ చేస్తే ఐఎంఈఐ కనిపిస్తుంది. అది బాక్స్ మీద ఉన్న నంబర్‌తో, ఇన్వాయిస్‌లో ఉంటే ఆ నంబర్‌తో మ్యాచ్ అవ్వాలి. సంచార్ సాథీ యాప్‌లో అదే ఐఎంఈఐ వేస్తే ఆ ఫోన్ మోడల్ ఏంటో, బ్లాక్‌లిస్ట్‌లో ఉందో లేదో తెలుస్తుంది.

చివరిగా, బాక్స్ పారేసే ముందు లేబుల్ చించేయండి. పేరు, అడ్రస్, ఒక్కోసారి ఫోన్ నంబర్ కూడా దాని మీదే ఉంటాయి.

పార్సెల్ పోతే ఏం చేయాలి?

మొదటి గంటలో ఇంట్లోవాళ్లని, పక్క ఫ్లాట్‌ని, వాచ్‌మెన్‌ని అడగండి. అదే పేరున్న బిల్డింగ్ దగ్గర్లో ఉంటే అక్కడా అడగండి. నాకు ఇది ఐదు రోజుల దాకా తట్టలేదు!

అదే రోజు యాప్‌లో ‘డెలివర్డ్ బట్ నాట్ రిసీవ్డ్’ కింద కంప్లయింట్ పెట్టండి. ఓటీపీ చెప్పి ఉంటే చెప్పాననే రాయండి, దాస్తే తర్వాత కేసు బలహీనపడుతుంది. డెలివరీ ప్రూఫ్ అడగండి. ఏ టైమ్‌కి, ఏ లొకేషన్‌లో డెలివరీ మార్క్ చేశారు, ఫోటో ఉందా అని రాతపూర్వకంగా అడగాలి.

కస్టమర్ కేర్ క్లోజ్ చేస్తే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి ఈ-కామర్స్ కంపెనీ ఆ ఆఫీసర్ వివరాలు సైట్‌లో పెట్టాలి. కంప్లయింట్ అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా కన్స్యూమర్ కమిషన్. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు.

క్రెడిట్ కార్డ్‌తో కట్టి ఉంటే, వస్తువు అందలేదని బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేయొచ్చు. పోయింది ఫోన్ అయితే పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, ఆ కాపీతో సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించండి.

ఇంతకీ నాన్న ఫోన్ దొరికిందా?

ఐదు రోజులు నాన్న ఫోన్ చేసినప్పుడల్లా “వస్తోంది నాన్నా, లేట్ అయింది” అని అబద్ధం చెప్పాను. ఆరో రోజు ఉదయం పక్క ఫ్లాట్‌కి పార్సెల్ ఇవ్వడానికి ఒక రైడర్ వచ్చాడు. గొంతు విని గుర్తుపట్టాను. కోపంగానే వెళ్లి నిలదీశాను. అతని ముఖం పాలిపోయింది. “అన్నా, కంప్లయింట్ నా మీదకి వచ్చింది. దొరకకపోతే ఫోన్ డబ్బులు నా జీతంలో కట్ చేస్తారంట. నేను మాత్రం వాచ్‌మెన్‌కే ఇచ్చినన్నా” అన్నాడు.

ఏ వాచ్‌మెన్ అని అడిగితే బండి ఎక్కించుకుని వెనక గల్లీకి తీసుకెళ్లాడు. అక్కడ కూడా మా బిల్డింగ్ పేరే. అక్కడ కూడా 202 ఉంది. ఆ ఫ్లాట్ వాళ్లు ఊరెళ్లారు, వచ్చాక ఇద్దామని అక్కడి వాచ్‌మెన్ తన మంచం కింద జాగ్రత్తగా దాచాడు. సీల్ కూడా చెదరలేదు.

మ్యాప్‌లో పిన్ నేను తప్పుగా పెట్టాను, ఓటీపీ నేను చూడకుండా చెప్పాను. జీతం మాత్రం అతనిది కట్ అయ్యేది. అక్కడే నిలబడి కంప్లయింట్ వెనక్కి తీసుకున్నాను, పార్సెల్ దొరికిందని, తప్పు లొకేషన్ నాదేనని మెయిల్ కూడా పెట్టాను. టీ తాగుదాం రా అంటే, “ఇంకా నలభై ఉన్నాయన్నా” అని వెళ్లిపోయాడు.

ఫోన్ ఇప్పుడు నాన్న దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ ఫోటోలు పంపుతున్నారు. మీరు మాత్రం ఈ పేజీ క్లోజ్ చేసే ముందు ఒక్కసారి యాప్ ఓపెన్ చేసి, మీ పిన్ ఏ గల్లీలో ఉందో చూసుకోండి.