ఉప్పుగాలిలో షట్టరు: మార్చాలా, బాగు చేయించాలా?

అడుగుపట్టీ తుప్పుపట్టి పెళుసెక్కింది. ఎత్తబోతే కిర్రుమని సగంలో ఆగిపోతోంది. వాన కొడితే నీళ్లు లోపలికి వస్తున్నాయి. సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇనుప షట్టరు పెట్టించుకున్న వాళ్లందరికీ ఈ రోజు వస్తుంది. తీసేసి కొత్తది వేయించాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా? అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలోని పూడిమడక లాంటి మత్స్యకార గ్రామంలో ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. షట్టరు వెనక ఆటో ఉండొచ్చు, వలలూ ఇంజన్లూ ఉండొచ్చు, కిరాణా సరుకు ఉండొచ్చు. పట్టీలు, పక్క గైడ్లు గట్టిగా ఉన్నంతకాలం పాతదాన్ని నిలబెట్టుకోవడమే లాభమని నా అభిప్రాయం. షట్టరును తినేసేది దానిమీద పేరుకున్న ఉప్పు. ఆ ఉప్పును వదిలించే అలవాటు లేకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

ఉప్పు ఏం చేస్తుంది?

నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే ఇనుము తుప్పుపడుతుంది. కెరటాలు విరిగినప్పుడు లేచే తుంపర గాలితో ఊళ్లోకి వచ్చి రేకు మీద ఉప్పు పొరగా మిగులుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనంతట తానే నీరవుతుంది. తీరంలో రాత్రిపూట తేమ ఆ హద్దు దాటడం మామూలే. అంటే చుక్క వాన పడకపోయినా రేకు తడిగానే ఉంటుంది. అందుకే వాన కడిగిపెట్టే బయటి ముఖం కంటే వాన తగలని చోట్లు ముందు పాడవుతాయి: పైన చుట్ట ఉండే పెట్టె, గైడు లోపలి గాడి, పట్టీల మడతలు.

ముందు పరీక్ష

షట్టరును పూర్తిగా దించి, స్క్రూడ్రైవరు మొనతో అడుగుపట్టీ పొడవునా జానెడుకొక చోట పొడిచి చూడండి. ఖంగుమంటే లోపల ఇనుము మిగిలి ఉంది. పెచ్చు ఊడి మొన లోపలికి దిగిందంటే ఆ ముక్క పోయినట్టే. నీళ్లు నిలిచే చోటు కాబట్టి చాలాసార్లు అడుగుపట్టీ, దాని పైనున్న రెండు మూడు పట్టీలే పోతాయి. పట్టీలు ఒకదాని అంచులో మరొకటి దూరి ఉంటాయి కనుక మేస్త్రి వాటిని పక్కకు జారించి, పోయినవే మార్చగలడు. పట్టీల నిండా చిల్లులున్నా, గైడు గోడ నుంచి ఊడి ఊగుతున్నా కొత్తది వేయించక తప్పదు. పైనున్న స్ప్రింగు జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. అది బిగుతుగా చుట్టి ఉంటుంది, ఒక్కసారిగా విడిస్తే చెయ్యి విరుగుతుంది.

కొత్తది బేరమాడే ముందు రేకు మందం కూడా అడగండి. గేజీ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. పాతది 18 గేజీ అయి, కొత్తగా చూపిస్తున్నది 22 గేజీ అయితే డబ్బిచ్చి పలచని తలుపు తెచ్చుకున్నట్టవుతుంది.

కడగందే రంగు వద్దు

చాలామంది గరుకు కాగితంతో రుద్దేసి వెంటనే రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తారు. పైతుప్పు పోతుంది గాని సన్న గుంతల్లో ఉప్పు అలాగే ఉంటుంది. రంగు కింద చిక్కుకున్న ఆ ఉప్పు తేమను లాగి బుడగలు లేపుతుంది. కాబట్టి ముందు మంచినీళ్లతో కడగాలి, తీగ బ్రష్షుతో తుప్పు గీకాలి, మళ్లీ కడిగి బాగా ఆరనివ్వాలి. ఆరిన రోజే, రాత్రి మంచు పడకముందే ప్రైమరు వేసెయ్యాలి. ఉప్పుగాలికి మామూలు రెడ్ ఆక్సైడ్ కంటే జింకు కలిసిన ఎపాక్సీ ప్రైమరు బాగా నిలుస్తుంది. జీఐ రేకైతే ఎనామిల్ నేరుగా పట్టదు, దానికి తగిన ప్రైమరు వేరే ఉంటుంది. అంచుల మీద రంగు పలచబడుతుంది కాబట్టి అక్కడ కుంచెతో ముందు ఒక వరస వేసి, తర్వాత మొత్తానికి పలచగా రెండు కోట్లు వేయండి. మందంగా పూస్తే మడతల్లో చేరి చుట్ట బిగుసుకుంటుంది.

షట్టరు జారడానికి గ్రీజు, వాడేసిన ఇంజనాయిలు పొయ్యకండి. గాలికొచ్చే ఇసుక అందులో అంటుకుని గైడును గరుకు కాగితంలా అరగదీస్తుంది. గాడిని శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొడితే చాలు.

వాన, గాలి

అడుగుపట్టీకి రబ్బరు పట్టీ, గైడ్లకు బ్రష్షు పట్టీ బిగిస్తే జల్లు, ఇసుక చాలావరకు ఆగుతాయి. బయట నేల వీధి వైపు వాలుగా ఉండాలి. షట్టరు దిగే చోటికి లోపలివైపు అరంగుళం ఎత్తు సిమెంటు గట్టు కడితే నీరు గదిలోకి రాదు. సన్‌షేడ్ కింద అంచున ఒక గాడి తీయించండి, నీరు గోడ వెంట పాకకుండా అక్కడే కారిపోతుంది.

వీటన్నిటికంటే పెద్ద గండం తుపాను గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు షట్టరు మీద అది 900 కిలోలవుతుంది. అంత తోపుకి షట్టరు మధ్యలో లోపలికి వంగి, పట్టీల కొసలు గైడులోంచి ఊడిపోతాయి. గాలి లోపల జొరబడితే కింది నుంచి కప్పును లేపేస్తుంది. అమెరికాలో 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను వచ్చినప్పుడు ఫ్లోరిడాలో చాలా ఇళ్ల కప్పులు లేచిపోవడానికి గరాజు తలుపులు ముందు విరగడం ఒక కారణమని తేలింది. దీనికి మందు వెల్డింగు షాపులోనే దొరుకుతుంది. షట్టరు వెనక నట్టనడుమ నిలబెట్టేలా తీసి పెట్టుకునే గట్టి ఇనుప పైపు చేయించండి. కింద నేలలో, పైన దూలంలో దానికి గూళ్లు ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు బిగిస్తే చాలు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. వేటకు వెళ్లేవాళ్లు ఇంటిపట్టున ఉండే ఆ రోజులే ఈ పనికి అదను. ఆ తర్వాత కావలసిందల్లా నెలకు రెండుసార్లు మంచినీళ్లతో కడగడం. వేట నుంచి రాగానే బోటు ఇంజనును మంచినీళ్లతో కడిగే జాగ్రత్త మీకు కొత్త కాదు. అదే జాగ్రత్త షట్టరుకూ చూపించండి, గైడు గాడినీ లోపలి ముఖాన్నీ మరిచిపోకండి. కొత్త షట్టరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కసారి పాతదాన్ని కడిగి, పొడిచి చూసి నిర్ణయించుకోండి.