ఆయిల్‌కు గాలే కాపలా

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దాటి విజయవాడ దారి పడితే ఆటోనగర్. అక్కడి ఏ షెడ్డులోనైనా లారీ కింద ఆయిల్ చుక్క కనబడితే మేస్త్రీ అనుమానం ముందు సీలు మీదకే పోతుంది. తిరిగే షాఫ్టును రబ్బరు పెదవి ఒరుసుకుని ఉంటుంది. అరిగితే పీకేసి కొత్తది కొడతారు. నగరానికి ఆ చివర, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఈ లెక్క సగమే పనిచేస్తుంది. 2013 నుంచి అక్కడ కుర్ర పైలట్లకు ఓనమాలు దిద్దిస్తున్న పిలాటస్ పీసీ-7 మార్క్ 2 విమానం ముక్కులో ఉన్నది పీటీ6 టర్బోప్రాప్. దాని ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు రెండు వేల చుట్లే తిరుగుతుంది కాబట్టి అక్కడ రబ్బరు సీలు సరిపోతుంది. లోపల కంప్రెసర్ షాఫ్టుది మాత్రం 37 వేలు దాటిన వేగం. ఆ ఒరిపిడికి రబ్బరు మాడిపోతుంది.

టర్బైన్ వేడిని ఓర్చే మిశ్రలోహాలు దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోనే, కంచన్‌బాగ్‌లోని మిధాని కర్మాగారంలో తయారవుతాయి. ఆయిల్‌ను ఆపడానికి మాత్రం లోహం కూడా కాదు, గాలి కావాలి.

ఇలా టర్బైనుతో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజన్, అంటే టర్బోప్రాప్, మొదట బుడాపెస్ట్‌లో, 1940లో తిరిగింది. యెంద్రాషిక్ అనే ఇంజనీరు గాంజ్ కర్మాగారంలో కట్టాడు. అనుకున్నంత శక్తి రాలేదు. పదేళ్లకు వైకౌంట్ విమానం టర్బోప్రాప్‌ను ప్రయాణికుల దాకా తెచ్చింది, 1957లో మన ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కూ వచ్చింది. 1960లో తొలిసారి పరీక్షకెక్కిన పీటీ6 ఇంకా తయారవుతూనే ఉంది.

గాలి కాపలా ఎలాగంటే, షాఫ్టు చుట్టూ కత్తి అంచుల్లాంటి పలుచని వలయాలు వరసగా ఉంటాయి. ఎదుటి గోడను అవి తాకవు. కంప్రెసర్ నుంచి కాస్త గాలిని మళ్లించి ఆ సందుల్లోంచి బేరింగు గది వైపు తోస్తారు. వలయం దాటిన ప్రతిసారీ గాలి ఒత్తిడి తగ్గుతూ వస్తుంది, కానీ ప్రవాహం ఎప్పుడూ లోపలికే. ఎదురు వచ్చే గాలిని దాటి ఆయిల్ బయటికి రాలేదు. గదిలో చేరిన గాలి ఆయిల్‌ను వదిలించుకుని బ్రీదర్ గొట్టం గుండా వెళ్లిపోతుంది.

అందుకే ఇంజన్‌ను పరీక్ష స్టాండు మీద తిప్పేటప్పుడు తడి కనబడిన చోటే దొంగ ఉన్నాడనుకుంటే పప్పులో కాలేసినట్టే. వలయాల అంచులు అరిగితే గది లోపలికి గాలి మితిమీరి దూరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, ఆయిల్ ఏ పాపమూ ఎరగని మరో సీలును తన్నుకుని బయటపడుతుంది. ఆ రెండో సీలును ఎన్నిసార్లు మార్చినా మళ్లీ అదే చుక్క. బ్రీదర్ ఒత్తిడి కొలిస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. పైగా ప్రొపెల్లర్ గాలి చుక్కను వెనక్కి ఈడ్చుకుపోతుంది. కాబట్టి ముందు ఇంజన్‌ను శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కొద్దిసేపే తిప్పి ఆపుతారు. అన్నిటికంటే ముందున్న, అన్నిటికంటే పైనున్న తడి ఎక్కడో వెతుకుతారు. ఆయిల్‌లో రంగు కలిపి అతినీల లోహిత దీపం కింద చూడటమూ ఉంది. స్టార్టరు, ఇంధన పంపు వంటివి బిగించే చోట్ల సన్నటి డ్రెయిన్లు ఉంటాయి. ఏది కారుతోందో వాసన పట్టినా తెలుస్తుంది, కిరోసిన్ వాసన కొడితే అది ఇంధనం, ఆయిల్ సీలు జోలికి పోనక్కర్లేదు.

అసలు లీకే లేని లీకు ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే ముచ్చటైనది అదే. పీటీ6లో ఆయిల్ ట్యాంకు ఇంజన్ ఒంట్లోనే ఉంటుంది. రాత్రంతా ఆగి ఉంటే అందులోని ఆయిల్ మెల్లగా పక్కనున్న గేరుబాక్సులోకి దిగిపోతుంది. పొద్దున్నే గేజి కడ్డీ తీసి చూస్తే మట్టం తక్కువ. పోస్తారు. స్టార్ట్ చేయగానే పంపులు దిగిన ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి లాగుతాయి, అదనంగా పోసింది బ్రీదర్ గుండా బయటపడి విమానం పొట్టంతా జిడ్డు చేస్తుంది. మన లారీ డ్రైవరు కడ్డీ చూసేది పొద్దున బండి తీసేముందు. పీటీ6కు మాత్రం, ఆపిన కాసేపట్లోనే, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగా చూడాలి.