నడుమ ఇంజను గల చిన్న కారు

కొల్లేటి లంకలలో తాటిదోనె నడుపువానికి ఒక విషయము చిన్ననాటనే తెలియును. బరువు దోనె కొనయందున్నచో అది మాట వినదు. నడుమనున్నచో ఒక్క గెడపోటుతో కోరిన దిక్కునకు తిరుగును. ఏ పాఠశాలలోను నేర్పని ఈ విషయమునే ఆధారము చేసికొని ఇటలీ దేశపు ఫియట్ కంపెనీవారు 1972 చివర ఒక చిన్న కారును లోకమునకు చూపిరి. దాని పేరు ఎక్స్ 1/9. పేరులో కవిత్వమేమియు లేదు. కొత్త కార్ల పథకములకు ఆ కంపెనీవారు వేసికొను వరుససంఖ్యయే చివరకు పేరుగా నిలిచిపోయినది. 1989 వరకు సుమారు 1,60,000 కార్లు తయారైనవి. అయినను గొప్ప కార్లను లెక్కించువారు చాలకాలము దీనిని లెక్కలో చేర్చలేదు. అట్లెందుకు జరిగినదో, ఈ కారును నడుపుటలో సుఖమేమో, ఉంచుకొనుటలో కష్టమేమో ఇచట వివరింతుము.

కారులో అన్నిటికంటె బరువైన వస్తువు ఇంజను. దానిని ఉంచుటకు మూడు చోట్లు కలవు. మొదటిది ముందు భాగము. మన ఊళ్ళలో డాక్టర్లు, ప్లీడర్లు ఒకప్పుడు మురిపెముగా వాడుకొన్న ఫియట్ 1100 కారులోను, దాని తరువాత వచ్చిన ప్రీమియర్ పద్మినిలోను ఇంజను బానెట్టు క్రింద ముందుననే ఉండును. రెండవది తోక భాగము, అనగా వెనుక ఇరుసునకు ఆవల. జర్మనీవారి పాత ఫోక్స్‌వాగన్ కారులో అట్లుండును. మూడవది నడుమ, అనగా ముందు వెనుక ఇరుసుల మధ్య. ఈ మూడవ పద్ధతి మనకు బొత్తిగా కొత్త కాదు. మారుతి ఆమ్ని వానులో ముందు సీట్ల క్రింద ఇంజను ఉండుట చాలమంది ఎరుగుదురు. కాని అక్కడ అది లోపల స్థలము కలిసివచ్చుటకు చేసిన ఏర్పాటు. స్పోర్ట్సు కారులో దానిని సీట్ల వెనుక, వెనుక ఇరుసునకు ముందు ఉంచుదురు. అది కారు చురుకుగా తిరుగుటకు చేసిన ఏర్పాటు.

నడుమ బరువు ఉండుటకును చురుకునకును సంబంధమేమి? కావడి మోయువానిని చూడుడు. బద్ద రెండు కొనలను రెండు కుండలు వేలాడుచుండగా అతడు గిరుక్కున తిరుగలేడు. తిరుగుట మొదలుపెట్టుటకు బలము కావలెను, ఆపుటకును బలము కావలెను. ఆ కుండలనే బద్ద నడుమ, భుజమునకు దగ్గరగా కట్టినచో మొత్తము బరువు అంతే అయినను క్షణములో తిరుగగలడు. బరువెంత అనునది ఒక్కటే కాదు, అది ఎంత దూరమున ఉన్నది అనునదియు ముఖ్యము. కారు మలుపు తిరుగునప్పుడు పనిచేయు సూత్రమిదియే. ఇంజను నడుమకు వచ్చినచో స్టీరింగు కొంచెము కదిపినంతనే ముక్కు తిరుగును. పైగా ఇంజను బరువు వెనుక చక్రములపై మొగ్గి యుండుటచే, కారును నెట్టు ఆ చక్రములకు నేలమీద పట్టు హెచ్చును.

పందెముల ప్రపంచమున ఈ సూత్రము వెంటనే అంగీకారము పొందలేదు. ఇంగ్లండులో కూపర్ అను చిన్న కంపెనీవారు నడుమ ఇంజను గల పందెపు కార్లను చేసినప్పుడు పెద్ద కంపెనీలవారు నవ్విరి. బండిని ఎద్దు ముందుండి లాగునే గాని వెనుకనుండి నెట్టదు గదా అని ఇటలీలో ఎంజో ఫెరారీ అనెనని చెప్పుకొందురు. కాని 1959లోను, 1960లోను ఆ కూపర్ కారులోనే జాక్ బ్రాబమ్ ప్రపంచ విజేత అయ్యెను. 1961 నాటికి ఫెరారీ కూడ ఇంజనును డ్రైవరు వెనుకకు మార్చి, తానును ఆ బిరుదము గెలుచుకొనెను. తరువాత ఆ పద్ధతి పందెపు బాటనుండి వీధిలోనికి దిగినది. 1966లో లాంబోర్గినీవారి మియూరా వచ్చినది. దానికి పండ్రెండు సిలిండర్లు. రూపము దిద్దినవాడు బెర్టోనె సంస్థలో పనిచేయుచుండిన మార్చెల్లో గాందినీ అను యువకుడు. ఆ కారు ధనవంతుల వస్తువు. సామాన్యుడు దానిని బొమ్మలో చూచి ఆనందింపవలసినదే.

ఫియట్‌వారి కారు విశేషము ఇచటనే ఉన్నది. వారు కొత్త ఇంజను చేయలేదు. 1969లో వారు 128 అను కుటుంబపు కారును విడుదల చేసి యుండిరి. దానిలో ఇంజను, గేరుబాక్సు అడ్డముగా, ఒకదాని ప్రక్క ఒకటి అమర్చబడి ముందు చక్రములను త్రిప్పును. ఆ ఇంజను రూపకర్త ఔరేలియో లాంప్రెదీ అంతకుముందు ఫెరారీ కంపెనీలో ఇంజనులు గీసినవాడు. బెర్టోనెవారు ఈ మొత్తము కట్టను ఎత్తి సీట్ల వెనుక పెట్టిరి. ముందు చక్రములను లాగుచుండిన యంత్రము ఇప్పుడు వెనుక చక్రములను నెట్టసాగెను. సంతకు పోవు కారు కొరకు వేలకొలది తయారగుచుండిన భాగములే స్పోర్ట్సు కారునకును సరిపోయెను. ఆ విధముగా, మియూరాకు రూపమిచ్చిన గాందినీ చేతి గీతయే మధ్యతరగతి ఉద్యోగి అందుకొనదగిన వెలకు దొరకెను. 2024లో గాందినీ మరణించినప్పుడు లోకము ఆయన మియూరాను, కౌంటాక్‌ను ముందుగా తలచుకొన్నది. ఆయన గీసిన కార్లలో ఎక్కువమంది సామాన్యులకు అందినవానిలో ఈ చిన్నది ఒకటి.

లోపలి అమరిక గృహిణి వంటయిల్లు సర్దినట్లుండును. పెట్రోలు టాంకియు, స్టెప్నీ చక్రమును సీట్ల వీపునకును ఇంజనునకును మధ్య నిలువుగా ఇమిడి యుండును. పెట్రోలు నిండినను, తరిగినను తూకము అంతగా మారదు. ఇంజను నడుమకు పోవుటచే ముందొక డిక్కీ, వెనుకొక డిక్కీ దొరకెను. పైకప్పు ఒకే పలక. దానిని ఊడదీసి ముందు డిక్కీలో పరచినను పెట్టెకు చోటు మిగులును. ఇద్దరే కూర్చుండగలరు. నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు కలవు. ఆ కాలమున ఈ వెలకు అది చిన్న విషయము కాదు.

మఱి దీనిని చిన్నచూపు చూచుటకు కారణమేమి? అశ్వశక్తి. మొదటి ఇంజను 1290 ఘన సెంటీమీటర్లు, 75 అశ్వశక్తి. 1978లో 1498 ఘన సెంటీమీటర్లకు పెంచి, అయిదు గేర్లు ఇచ్చినను 85 అశ్వశక్తికి మించలేదు. మన పద్మిని ఇంజను 1089 ఘన సెంటీమీటర్లు, సుమారు 40 అశ్వశక్తి అని తలచుకొన్నచో ఇది తక్కువగా తోచదు. కాని ఇంత పదునైన రూపము గల కారు ఇంకను ఎంతో వేగముగా పోవలెనని జనము ఆశించిరి. అమెరికాకు పంపిన కార్లలో పొగ నియమముల వలన ఆ బలము ఇంకను తగ్గినది. ముక్కుపైనున్నది ఫెరారీ ముద్ర కాదు, ఫియట్ ముద్ర. పైగా వేలకొలది దొరకు వస్తువునకు విలువ కట్టుట మనుష్యులకు అలవాటు లేదు. పండ్రెండేండ్ల తరువాత, 1984లో, జపానువారి టొయోటా ఎమ్మార్2 ఇదే ఏర్పాటుతో వచ్చి మెప్పు పొందినది. దారి వేసినవారికి రావలసిన పేరు ఆ దారిన నడచినవారికి వచ్చినది.

ఇక నడుపుట. స్టీరింగునకు యంత్రసహాయము లేదు, అక్కరయు లేదు. ముందు చక్రములపై బరువు తక్కువగుటచే చేతికి తేలికగా, నేల సంగతి ఎప్పటికప్పుడు చెప్పునట్లుగా ఉండును. కారు బరువు సుమారు 900 కిలోలు. బలము తక్కువగుటచే డ్రైవరు తన నేర్పును వాడవలసి వచ్చును. మలుపునకు ముందు తగ్గించుట, తగిన గేరు ఎన్నుకొనుట, బయటకు వచ్చుచుండగా వేగము కూర్చుకొనుట, ఈ పనులలోనే ఆనందము. గొప్ప బలము గల కారులో ఈ తప్పులను ఇంజను కప్పిపుచ్చును. ఇందులో ఏ తప్పును దాగదు, ఏ ఒప్పును వృథా కాదు.

కాని ఒక హెచ్చరిక అవసరము. గుడివాడనుండి ముదినేపల్లి, కైకలూరు మీదుగా భీమవరమువైపు పోవు 165వ జాతీయ రహదారిని గాని, దానినుండి చీలిపోవు కాలువగట్టు బాటలను గాని మనసులో ఉంచుకొనుడు. నేల నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. రోడ్డు అలలవలె లేచి పడుచుండును. ఒకప్రక్క కాలువ, ఒకప్రక్క చేపల చెరువు. ఇట్టి మలుపులో వేగము హెచ్చినదని భయపడి, నడుమ ఇంజను కారు డ్రైవరు యాక్సిలరేటరు మీది కాలిని ఒక్కమారుగా తీసివేసినచో ఏమగును? భారము ముందు చక్రములమీదికి మొగ్గును. వెనుక టైర్లకు పట్టు సడలును. తోక బయటివైపునకు జారును. నడుమ కుండలు గల కావడి తిరుగుట ఎంత త్వరయో, అదుపు తప్పి తిరుగుటయు అంత త్వర. ఎక్స్ 1/9 ఈ జాతిలో సాధువు అని పేరు పొందినదే. అయినను అరిగిన టైర్లతో, తడిసిన రోడ్డుమీద సాధువును సహనము కోల్పోవును. కావున వేగమును మలుపునకు ముందే తగ్గింపవలెను. మలుపు లోపల కాలు నిలకడగా ఉంచవలెను. ఈ నియమము పాటించువాడు ఏ బండినైనను క్షేమముగా ఇంటికి చేర్చగలడు.

ఉంచుకొనుటలోని కష్టములును నడుమ ఇంజను వలననే పుట్టును. రేడియేటరు ముందున్నది, ఇంజను వెనుకనున్నది. ఆ రెంటి మధ్య నీరు పొడవైన గొట్టములలో కారు అడుగుగా పోయి రావలెను. నీరు మార్చినప్పుడు గొట్టములలో గాలి చిక్కుకొన్నచో ఇంజను వేడెక్కును. ఓపికతో గాలి తీసివేయవలెను. మన మే నెల ఎండలో ఈ పని అశ్రద్ధ చేయరాదు. రెండవది, యంత్రము ఇరుకున ఉండుటచే మెకానికు చేయి పట్టదు. ముందు ఇంజను కారులో గడియలో ముగియు పని ఇందులో పూట పట్టవచ్చును. మూడవది టైమింగు బెల్టు. అది రబ్బరుది. కారు తిరుగకున్నను కాలము గడచినకొలది చెడును. కొన్ని ఇంజనులలో అది తెగినచో వాల్వులు వంగిపోవును. కావున నమ్మకమైన లెక్క లేని కారు కొన్నవాడు మొదట బెల్టు మార్చి, తరువాత తాళము త్రిప్పుట మేలు.

అన్నిటికంటె పెద్ద శత్రువు తుప్పు. ఈ కారునకు వేరుగా చట్రము లేదు, రేకుల పెట్టెయే చట్రము. కావున తుప్పు అందమునకు సంబంధించిన సంగతి కాదు, ప్రాణమునకు సంబంధించిన సంగతి. ముందు డిక్కీ అడుగున, తలుపుల క్రింది పొడవైన రేకు పెట్టెలలో, వెనుక స్ప్రింగులు ఆనుకొను గూళ్ళలో నీరు నిలుచును. పైన రంగు మెరయుచుండగా లోపల రేకు పొడియగును. ఇంజను చెడినచో బాగుచేయుట సులభము, ఏలనన అది మామూలు కుటుంబపు కారు ఇంజనే. రేకు చెడినచో ఖర్చునకు అంతుండదు. కొనువాడు ఇంజను చప్పుడు వినుటకు ముందు నేలమీద పడుకొని అడుగు చూడవలెను.

ఎక్స్ 1/9ను భారతదేశమున ఎవరును తయారు చేయలేదు. పాత విదేశీ కార్ల దిగుమతిపై మన నియమములు కఠినమైనవి. కావున ముదినేపల్లి సెంటరులో అది కనబడునని ఆశపెట్టుకొననక్కరలేదు. కాని అదే కంపెనీ బిడ్డలు మన మధ్య పెరిగినవి. బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్సువారు 1950ల నుండి ఫియట్ 1100ను, 1974 నుండి పద్మిని పేరుతో దానినే తయారు చేసిరి. బొంబాయి వీధులలో పద్మిని టాక్సీల కాలము 2023 అక్టోబరుతో ముగిసినది. మన పల్లెలలో కొన్ని ఇంకను వడ్ల గాదెల ప్రక్క, పశువుల పాకలలో దుమ్ము కప్పుకొని యున్నవి. చెరువుల తేమ వానిని రోజురోజునకు తినుచున్నది. పాత ఇనుము కొనువాడు తూకము చొప్పున ధర చెప్పును.

2021లో కేంద్రప్రభుత్వమువారు మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని కార్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను ఏర్పరచిరి. కొత్తగా చేయించుటకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 ఏండ్లు. అట్టి కారును నిత్యము వాడరాదు, బాడుగకు త్రిప్పరాదు. ప్రదర్శనలకు, ఊరేగింపులకు తీసికొనిపోవచ్చును. దీనికి లోబడు ఫియట్లు మన జిల్లాలోను ఉండవచ్చును. కాగితములు వెదకి పదిలపరచుట, కారును పొడినేలమీదికి మార్చి దిమ్మలపై ఎత్తుట, పాత పెట్రోలు తీసివేయుట, అడుగున తుప్పు గోకి రంగు పూయుట, ఇవి పెద్ద ఖర్చు లేని పనులు. విడిభాగములు విప్పి అమ్ముకొనక ముందే ఇవి చేయవలెను. ఒకసారి చెదరిన కారు మరల ఒకచోటికి రాదు.

వస్తువు గొప్పతనమును దాని బలముతోనో, వెలతోనో కొలుచుట సులభము. పొందికను కొలుచుటకు తక్కెడ లేదు. ఎక్స్ 1/9లో ఏ ఒక్క భాగమును అసాధారణమైనది కాదు. వానిని కూర్చిన తీరు అసాధారణమైనది. ఆ తీరు తెలిసినవాడు తన ఇంటి పాకలోని పాత ఫియట్‌ను అమ్ముటకు ముందు ఒకసారి దాని బానెట్టు ఎత్తి చూచును.