పిల్లలందరికీ వారం వారం కరోనా టెస్ట్ చేయాలా?



సంక్రాంతి సెలవులకని 2022 జనవరి 8న ఇంటికి వెళ్లిన పిల్లలు, ఆ సెలవులను 30వ తేదీ దాకా పొడిగించడంతో ఫిబ్రవరి 1న మళ్లీ క్లాసుల్లోకి వచ్చారు. వచ్చిన మొదటి వారంలోనే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు బ్రాంచీల్లోనూ క్లాస్ టీచర్లకు మీ దగ్గర్నుంచి ఒకే విషయం మీద ఫోన్లు వచ్చాయి. విషయం ఒకటే, కోరికలు మాత్రం రెండు. "పిల్లలందరికీ వారానికోసారి కరోనా టెస్ట్ చేయించండి, లేకపోతే మా బాబును పంపలేం" అని కొందరు. "మా పాప ముక్కుల పుల్ల పెట్టనియ్యం మేడం, టెస్ట్ అంటే బడే మాన్పిస్తం" అని ఇంకొందరు. పక్కపక్క బెంచీల్లో కూర్చునే పిల్లల ఇళ్ల నుంచే ఈ రెండు మాటలూ వచ్చాయి. పైగా 2022 ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా మేడారం జాతర. వెళ్లొచ్చిన పిల్లలకైనా టెస్ట్ తప్పనిసరి చేయమని భూపాలపల్లి నుంచి ఎక్కువ మంది అడుగుతున్నారు.

ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పి ముగించే విషయం కాదు కాబట్టి ఈ నెల ఇక్కడ రాస్తున్నాను.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. ఎవరికి టెస్ట్ చేయాలో, ఎవరికి అక్కర్లేదో ఐసీఎంఆర్ 2022 జనవరి 10న కొత్త సూచనలు ఇచ్చింది. దగ్గు, జ్వరం, గొంతు నొప్పి, వాసన, రుచి తెలియకపోవడం, ఊపిరి ఇబ్బంది వంటి లక్షణాలు ఉన్నవాళ్లకు టెస్ట్ చేయాలంది. పాజిటివ్ వచ్చిన మనిషికి దగ్గరగా మెలిగినవాళ్లలో 60 దాటినవాళ్లకు, షుగర్, బీపీ, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బుల వంటివి ఉన్నవాళ్లకు చేయాలంది. ఏ లక్షణమూ లేకుండా మామూలుగా తిరుగుతున్నవాళ్లకు అక్కర్లేదంది. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి వారం వారం టెస్ట్ చేయాలన్న నిబంధన మనకు లేదు. అడిగే హక్కు మీకు ఉంది, కానీ చేయకపోతే స్కూలు నియమం తప్పినట్టు కాదు.

"నిబంధన లేకపోతే ఏం, మంచిదైతే చేయొచ్చు కదా?" అని ఒక తండ్రి అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కొంచెం లెక్కల్లో ఉంది.

స్కూల్లో చేయగలిగిందల్లా ర్యాపిడ్ టెస్టే. పావుగంటలో గీతలు కనిపిస్తాయి. మన దేశంలో 2020 జూన్‌లో మొదట అనుమతి పొందిన ర్యాపిడ్ కిట్‌ను ఐసీఎంఆర్ పరీక్షించినప్పుడు, వైరస్ లేనివాళ్లను లేదని చెప్పడంలో అది 99.3 నుంచి 100 శాతం సరిగ్గా ఉంది. వైరస్ ఉన్నవాళ్లను పట్టుకోవడంలో మాత్రం 50.6 నుంచి 84 శాతమే. అందుకే ఆ రోజుల్లోనే ఒక సూచన ఇచ్చారు. ర్యాపిడ్‌లో పాజిటివ్ వస్తే పాజిటివ్ కిందే లెక్క, లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే మాత్రం ఆర్‌టీ-పీసీఆర్ చేయించాలి.

ఇప్పుడు వెయ్యి మంది పిల్లలున్న బ్రాంచిని ఊహించుకోండి. కేసులు తగ్గిన రోజుల్లో వాళ్లలో 5 మందికి నిజంగా వైరస్ ఉందనుకుందాం. టెస్ట్ అందులో సగం మందిని, అంటే ఇద్దరినో ముగ్గురినో పట్టుకుంటుంది. మిగతా 995 మందిలో వెయ్యికి ఐదు చొప్పున తప్పు పాజిటివ్ వచ్చినా ఇంకో 5 మంది తేలతారు. మొత్తం ఏడెనిమిది మందిని ఇంటికి పంపిస్తాం. అందులో 5 మందికి ఏమీ లేదు. నిజంగా ఉన్నవాళ్లలో ఇద్దరో ముగ్గురో నెగెటివ్ అనిపించుకుని, మాస్క్ కిందికి జార్చి, ధీమాగా క్లాసులోనే ఉంటారు.

అదే బ్రాంచిలో వంద మందికి వైరస్ ఉన్న రోజుల్లో ఇదే టెస్ట్ 50 మందిని పట్టుకుంటుంది, తప్పు పాజిటివ్‌లు నాలుగో ఐదో వస్తాయి. అప్పుడది ఎంతో పనికొస్తుంది. కిట్ మారలేదు, చుట్టూ ఉన్న పరిస్థితి మారింది. నేను చెప్పిన 5, 100 అన్నవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే గానీ, మీరు ఏ అంకెలు వేసుకున్నా లెక్క ఇటే తిరుగుతుంది. మన ఎనిమిదో తరగతి పిల్లలు శాతాల పాఠంలో భాగంగా దీన్ని ఇంట్లో చేసి చూపించగలరు, అడిగి చూడండి.

టెస్టులు కావాలనేవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2021 నవంబర్‌లో ఖమ్మం జిల్లా వైరా గురుకులంలో పాతిక మందికి పైగా అమ్మాయిలకు పాజిటివ్ వచ్చింది. ఆ నెలాఖరులోనే సంగారెడ్డి జిల్లా ముత్తంగి గురుకులంలో 40 మందికి పైగా తేలారు. అందరికీ టెస్ట్ చేస్తేనే కదా ఆ సంగతి బయటపడింది అని మీరు అంటున్నారు. నిజమే. కానీ ఏ పరిస్థితిలో చేశారో కూడా చూడాలి. అవి రాత్రీ పగలూ ఒకే చోట ఉండి, ఒకే హాల్లో పడుకుని, ఒకే చోట తినే స్కూళ్లు. కేసు బయటపడ్డాక అక్కడున్న అందరికీ చేశారు. మన లెక్కలో అది వంద మంది ఉన్న రోజు లాంటిది. మన డే స్కాలర్ల క్లాసులకు, ఏ కేసూ లేని వారంలో, దాన్ని అలాగే తెచ్చి అతికించలేం. హాస్టల్ పిల్లల విషయం వేరు. అక్కడ ఒక్క పాజిటివ్ వచ్చినా ఆ గదిలో, ఆ ఫ్లోర్‌లో ఉన్న పిల్లలందరికీ టెస్ట్ చేయించడమే సరైనదని నా అభిప్రాయం.

జనగామ వాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఎంత మందికి వైరస్ సోకి పోయిందో తెలుసుకోవడానికి ఐసీఎంఆర్ దేశంలో 70 జిల్లాల్లో సీరో సర్వే చేసింది. మన రాష్ట్రంలో ఎంచుకున్న మూడు జిల్లాల్లో జనగామ ఒకటి. మిగతా రెండు కామారెడ్డి, నల్లగొండ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ బృందాలు ఊళ్లకు వచ్చి రక్త నమూనాలు తీసుకున్నాయి. 2020 మేలో ఈ మూడు జిల్లాల్లో యాంటీబాడీలు కనిపించింది 0.33 శాతం మందిలో. 2021 జూన్ నాటి నాలుగో విడతకు అది దాదాపు 60 శాతానికి చేరింది. ఆ విడతలో మొదటిసారి ఆరేళ్లు దాటిన పిల్లలను కూడా చేర్చారు. దేశం మొత్తం మీద 6 నుంచి 9 ఏళ్ల వాళ్లలో 57.2 శాతం, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి అప్పటికే వైరస్ సోకినట్టు తేలింది. స్కూళ్లు మూసి ఉన్న కాలమే ఎక్కువ, అయినా సగం మందికి పైగా పిల్లలకు సోకింది. "బడి వల్లే వస్తుంది" అనేవాళ్లూ, "పిల్లలకు రాదు" అనేవాళ్లూ ఇద్దరూ ఒకసారి చూడాల్సిన అంకె ఇది.

సూది గుచ్చి రక్తం తీస్తామంటే ఒప్పుకున్న జిల్లాలోనే ముక్కులో స్వాబ్ అంటే ఎందుకు వద్దంటున్నారు? దీనికి నాకు తోచిన కారణం ఒకటే. ఆ సర్వేలో ఏం తేలినా ఎవరినీ ఇంట్లో కూర్చోబెట్టలేదు, ఎవరి పేరూ వీధిలోకి రాలేదు. స్కూల్లో టెస్ట్ అలా కాదు. పాజిటివ్ అంటే వారం రోజులు పాప ఇంట్లో ఉండాలి, ఆమెతో ఒకరు ఉండాలి. భూపాలపల్లిలో తండ్రి గనిలో ఫస్ట్ షిఫ్ట్‌కు వెళ్లాలి, తోటివాళ్లకు ఏం చెప్పాలి? మహబూబాబాద్ వైపు ఇప్పుడు మిర్చి ఏరే రోజులు. తామర పురుగు కొట్టిన చేలల్లో మిగిలిన కాస్త పంటను వదిలి ఇంట్లో ఎవరు కూర్చుంటారు? కూలీలు ఆ ఇంటికి రామంటే? టెస్ట్ వద్దన్న తల్లిదండ్రులను చదువు లేనివాళ్లనో, మొండివాళ్లనో తోటి తల్లిదండ్రులు గ్రూపుల్లో అంటున్నారు. వాళ్లలో ఎక్కువ మంది చెప్పిన కారణాలు ఇవి. "రిజల్ట్ వచ్చిన అరగంటకే క్లాస్ గ్రూపుల పేరు పెడతరు" అని ఒక తల్లి అన్నది. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. 2020లో ఇంటి గేటుకు స్టిక్కర్ అంటించిన రోజులు ఎవరం మర్చిపోలేదు.

ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. ఇంట్లో చేసుకునే కిట్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని ధర 250 రూపాయలు. వారానికి రెండుసార్లు చొప్పున నెలకు ఒక్కో పిల్లకు 2,000. ఇద్దరుంటే 4,000. ఇప్పటికే ఫీజు వాయిదాల్లో కడుతున్న ఇళ్లున్నాయి.

ఇక బయటి దేశాలు. ఇంగ్లండ్‌లో 2021 మార్చిలో స్కూళ్లు తెరిచినప్పటి నుంచి హైస్కూల్ పిల్లలు వారానికి రెండుసార్లు టెస్ట్ చేసుకునేవారని ఎన్నారై బంధువులు ఉన్నవాళ్లు నాకు చెప్పారు. అప్పుడు అక్కడ కిట్లు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది, టెస్ట్ తప్పనిసరి చేయలేదు. అమెరికాలో లాస్ ఏంజెలిస్ స్కూళ్లలో 2021-22 విద్యా సంవత్సరంలో పిల్లలందరికీ వారం వారం చేశారు. జర్మనీలో ఒక రాష్ట్రం చిన్న పిల్లల కోసం ముక్కు జోలికి పోకుండా, దూదిపుల్లను లాలీపాప్‌లా 30 సెకన్లు చప్పరించే పద్ధతి పెట్టింది. క్లాసు పిల్లలందరి పుల్లలనూ కలిపి ఒకే పీసీఆర్ చేసేవారు, అందులో పాజిటివ్ వస్తేనే విడివిడిగా చూసేవారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కానీ దానికి తెల్లారేసరికి రిపోర్ట్ ఇచ్చే ల్యాబ్ పక్కనే ఉండాలి. భూపాలపల్లి నుంచి వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ ల్యాబ్‌కు నమూనాలు వెళ్లి, అక్కడి నుంచి కబురు వచ్చేసరికి పట్టిన రోజులు మీకు తెలుసు. మూడు రోజుల తర్వాత వచ్చే రిపోర్ట్‌తో క్లాసును కాపాడలేం. ఆస్ట్రియాలోనైతే టెస్ట్ చేయించుకోని పిల్లలు ఇంట్లోనే చదువుకోవాలన్నారు. 2021లో అక్కడ ఇంటి చదువుకు పేరు రాయించుకున్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది. బలవంతం చేస్తే మన దగ్గరా బడి మానేది ముందు ఆడపిల్లలేనని నా అనుమానం.

ఇంగ్లండ్‌లోనే 201 స్కూళ్లలో చేసిన ఒక అధ్యయనం 2021 సెప్టెంబర్‌లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పాజిటివ్ వచ్చిన పిల్లతో కలిసి కూర్చున్నవాళ్లను పది రోజులు ఇంటికి పంపడం ఒక పద్ధతి, బడిలోనే ఉంచి రోజూ టెస్ట్ చేయడం ఇంకో పద్ధతి. రెండింట్లోనూ వ్యాప్తి ఇంచుమించు ఒకేలా ఉంది. కలిసి కూర్చున్నవాళ్లలో తర్వాత పాజిటివ్ అయినవాళ్లు నూటికి ఇద్దరి కంటే తక్కువ. అది ఒమిక్రాన్‌కు ముందు మాట, ఒమిక్రాన్ అంతకంటే వేగంగా అంటుకుంటుంది. అయినా ఒక పిల్లకు వచ్చిందని క్లాసు మొత్తాన్ని రెండు వారాలు ఇంటికి పంపమని అడిగేవాళ్లు ఆ అంకెను గమనించాలి.

మరి మన దగ్గర ఏం చేస్తున్నాం? ఏ లక్షణమూ లేని పిల్లలకు వారం వారం టెస్టులు పెట్టడం లేదు. జ్వరం, దగ్గు, గొంతు నొప్పి ఉంటే పిల్లలను పంపకండి, దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానలో టెస్ట్ చేయించండి, అక్కడ ఉచితం. క్లాసులో ఉండగా జ్వరం వస్తే మీకు ఫోన్ చేస్తాం, మీరు వచ్చేదాకా పిల్లను వేరే గదిలో టీచర్ తోడుగా కూర్చోబెడతాం. మీరు లేకుండా, మీ సంతకం లేకుండా స్కూల్లో ఎవరూ స్వాబ్ తీయరు. పాజిటివ్ వస్తే క్లాస్ టీచర్‌కు, ప్రిన్సిపాల్‌కు తప్ప పేరు తెలియదు. మిగతా తల్లిదండ్రులకు "ఫలానా సెక్షన్‌లో ఒక కేసు వచ్చింది" అనే మెసేజ్ మాత్రమే వస్తుంది. పేరు ఊహించి గ్రూపులో రాసే పెద్దలకు ఒక విన్నపం, దయచేసి ఆపండి. రేపు ఆ పిల్ల తిరిగొచ్చినప్పుడు పక్కన కూర్చోవడానికి ఎవరూ రాకపోతే సర్దిచెప్పలేక తలపట్టుకునేది మేమే.

మీ ఇంట్లో షుగర్, కిడ్నీ సమస్య ఉన్న తాతో నానమ్మో ఉంటే ఆ సంగతి మాకు ముందే చెప్పండి. సెక్షన్‌లో కేసు వచ్చిన రోజే మీకు విడిగా ఫోన్ చేస్తాం. ఐసీఎంఆర్ 2022 సూచన కూడా ముందు చూసుకోమన్నది వాళ్లనే.

తగ్గాక మళ్లీ నెగెటివ్ రిపోర్ట్ తెమ్మని మేం అడగం. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 జనవరి 5న ఇచ్చిన సూచనల ప్రకారం స్వల్ప లక్షణాలున్నవాళ్లు పాజిటివ్ వచ్చిన నాటి నుంచి 7 రోజులు గడిచి, వరుసగా 3 రోజులు జ్వరం లేకపోతే ఐసోలేషన్ ముగిసినట్టే, మళ్లీ టెస్ట్ అక్కర్లేదు. ఆర్‌టీ-పీసీఆర్ కొందరిలో వారాల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది. అది మిగిలిపోయిన ముక్కలనే గుర్తిస్తూ ఉండొచ్చు, పిల్ల ఇంకా అంటిస్తుందని అర్థం కాదు. అలాగే, కరోనా వస్తే స్కూలుకు బాధ్యత లేదని మీ చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించం. అలాంటి కాగితాలు చెల్లవని మన హైకోర్టు 2021 ఆగస్టు 31నే చెప్పింది.

15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 2022 జనవరి 3 నుంచి కొవాగ్జిన్ ఇచ్చారు. 28 రోజుల తర్వాత రెండో డోసు కాబట్టి మొదటి వారంలో వేయించుకున్న తొమ్మిది, పది తరగతుల వాళ్లకు ఆ ఫిబ్రవరికే గడువు వచ్చింది. 

జాతర సంగతి. వెళ్లొచ్చిన పిల్లలకు టెస్ట్ తప్పనిసరి కాదు. అమ్మవార్లకు బంగారం ఎత్తి, జంపన్న వాగులో స్నానం చేసి, రెండు రాత్రులు గుడారంలో పడుకుని వచ్చిన పిల్లకు జలుబు చేయకపోతేనే ఆశ్చర్యం. వచ్చాక ఒళ్లు వెచ్చగా ఉన్నా, గొంతు బొంగురుపోయినా రెండు మూడు రోజులు ఇంట్లోనే ఉంచి, టెస్ట్ చేయించి పంపండి. ఆ రోజులకు హాజరు తగ్గించం. నోట్స్, హోంవర్క్ సాయంత్రం 6 లోపు క్లాస్ టీచర్ మీ ఫోన్‌కు పంపుతారు. ఫిబ్రవరి 21 నుంచి 25 దాకా కొత్త స్లిప్ టెస్టులు కూడా పెట్టడం లేదు, జ్వరాన్ని దాచి పిల్లలను పంపాల్సిన అవసరం రాకుండా.