బిడ్డను కరాటేకు పంపుటకు ముందు

వేసవి సెలవులు దగ్గర పడగానే "మా పిల్లలను కరాటేకు పంపవచ్చునా? కరాటే మంచిదా, తైక్వాండో మంచిదా?" అని తలిదండ్రులు అడుగుచుందురు. చేవెళ్ల, మొయినాబాదు చుట్టుపట్ల గ్రామములలోని కుటుంబములకును ఈ ప్రశ్న వచ్చుచున్నది. అయితే మనము మొదట అడుగవలసిన ప్రశ్న వేరు. ఏ విద్య అనునది తరువాత. ఎవరు నేర్పుచున్నారు అనునది ముందు.

ఈ విద్యల సంగతి కొంచెము తెలిసికొందము. కర్రసాము, కుస్తీ మన పెద్దలెరిగినవే. జూడోను జిగోరో కానో 1882లో టోక్యోలో ఆరంభించెను. అందులో పట్టుట, పడవేయుట ముఖ్యము. కరాటే ఒకినావా దీవులది. 1922లో గిచిన్ ఫునకోషి దానిని టోక్యోలో ప్రదర్శించిన పిమ్మట జపాను అంతట వ్యాపించెను. తైక్వాండో కొరియా దేశపుది. అందులో కాళ్ల దెబ్బలు ఎక్కువ. ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు అనువారికి నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను బాక్సింగులో ప్రపంచ విజేతయై జవాబు చెప్పినది. చక్కగా నేర్పిన యెడల వీటిలో ఏదైనను ఒంటికి బలము, మనసుకు అదుపు ఇచ్చును.

వెళ్లి కూర్చుండి చూడండి

ఫీజు కట్టకముందు రెండు రోజులు వెళ్లి చూడండి. క్రొత్తగా చేరినవారిని వేరుగా నిలిపి మొదటినుండి నేర్పుచున్నారా? చిన్నవానిని పెద్దవానితో తలపడనిచ్చుచున్నారా? పడుట నేర్పునప్పుడు క్రింద మెత్తని చాపలున్నవా, లేక సిమెంటు నేలయేనా? తప్పు చేసిన బిడ్డను మాస్టరు సరిదిద్దుచున్నాడా, నలుగురిలో అవమానించుచున్నాడా? తలిదండ్రులు కూర్చుండి చూచుటకు ఒప్పుకొనని చోట బిడ్డను చేర్చవద్దు. ఇది ఒక్కటి గట్టిగా పట్టుకొనండి.

తలకు దెబ్బ తగిలి బిడ్డ స్పృహ తప్పినను, వాంతి చేసికొన్నను, తలనొప్పి తగ్గకున్నను ఆ దినము మరల ఆడనీయక ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఈ మాట మాస్టరును ముందుగానే అడిగి, ఆయన ఏమి చెప్పునో వినండి.

బెల్టులు, డబ్బులు

నెల ఫీజుతో లెక్క ముగియదు. బట్టలు, బెల్టు పరీక్షలు, పోటీల ప్రయాణములు అన్నిటికిని ఏడాదికి ఎంతగునో ముందే వ్రాయించుకొనండి. ఒక్క ఏడాదిలో బ్లాకు బెల్టు ఇప్పింతుమను వారిని నమ్మవద్దు. జపాను భాషలో బ్లాకు బెల్టు మొదటి మెట్టును "షోదాన్" అందురు; ఆరంభపు మెట్టని దాని అర్థము. అంటే అక్కడికి చేరినవాడు ఇప్పుడే నేర్చుకొనుట మొదలుపెట్టెనని భావము. కూరగాయలు, పూలు అమ్మి తెచ్చిన రూపాయలు రంగు గుడ్డలకు పోకూడదు.

బిడ్డల భద్రత

నేర్పునప్పుడు మాస్టరు చేయి పట్టి సరిచేయవలసి వచ్చును. అది అందరి యెదుట జరుగవలెను. ఒంటరిగా గదికి పిలుచుట, రాత్రివేళ ఫోనులో సందేశములు పంపుట, "ఇంట్లో చెప్పవద్దు" అనుట తగదు. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు కోపపడక వినండి. పదునెనిమిది ఏండ్లలోపు బిడ్డలను లైంగిక వేధింపులనుండి కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. 1098కి ఫోను చేసినచో సహాయము దొరకును. పరువు పోవునని దాచిపెట్టిన యెడల మరియొక బిడ్డ బలియగును.

దూరము కూడ చూడవలెను. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలము మీర్జాగూడ యొద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు మరణించిన సంగతి మనమెవరమును మరువలేదు. చీకటి పడిన తరువాత పిల్లలను ఒంటరిగా ఆ రోడ్డున పంపి పేరున్న స్కూలుకు చేర్చుటకంటె, ఊరికి దగ్గరనున్న నెమ్మదియైన మాస్టరు మేలు.

మ్రొక్కుట, ఆదివారము

కొన్ని చోట్ల తరగతికి ముందు తల వంచుదురు. ఇది గురువునకు, తోటివానికి చూపు మర్యాద. మనము పెద్దలకు చేయు నమస్కారమువంటిది. అయితే కొన్ని చోట్ల పటముల యెదుట వంగుట కూడ కలదు. మన మనస్సాక్షికి ఇబ్బందియైనచో చేరకముందే మాస్టరుతో మర్యాదగా మాటలాడుడి. పోటీలు, బెల్టు పరీక్షలు ఆదివారము వచ్చునా, ఆరాధన వేళకు అడ్డమగునా అనియు అడుగుడి.

చివరిగా ఒక మాట. మూడు నెలలు నేర్చిన పిల్ల బలిష్ఠుడైన మగవానిని కొట్టి గెలువగలదని ఎవరైనను చెప్పిన నమ్మకుడి. గట్టిగా కేక వేయుట, పట్టు విడిపించుకొనుట, పరుగెత్తుట, ఇంట్లో చెప్పుట — మంచి మాస్టరు మొదట నేర్పునవి ఇవే. కొట్లాటను తప్పించుకొనుట నేర్పువాని యొద్దకే మన బిడ్డలను పంపుదము.