లాగడం ఒక ఎత్తు, ఆపడం ఒక ఎత్తు

సెలవుల్లో ఇంటిల్లిపాదీ పడక, పొయ్యి ఉన్న పెద్ద ట్రైలర్‌ను బండికి తగిలించుకుని తిరగాలని ముచ్చటపడుతున్నారా? 1980లో అశోక్ లేలాండ్ కర్మాగారం వచ్చిన హోసూరువాళ్లకు బరువుబండ్లు కొత్త కాదు. అయినా, బేరమాడేముందు కృష్ణగిరి దారిని తలుచుకోండి. సుమారు 50 కిలోమీటర్లలో అది 300 మీటర్లకు పైగా దిగుతుంది. ఎక్కడానికి ఇంజను బలం చాలు. దిగేటప్పుడు వెనకనుంచి తోసే బరువును ఆపగలగాలి.

కంపెనీ పుస్తకంలో లాగుడు పరిమితి చూడండి. నీళ్లు, సామాన్లు నింపాకే ట్రైలర్‌ను తూకం వేయించండి. అందులో నూటికి 10-15 వంతులు కొక్కెం మీద పడాలి. తగ్గితే ట్రైలర్ ఊగుతుంది. ఆ భారాన్నీ, మనుషుల్నీ బండే మోయాలి. పెద్ద ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. దిగుడులో తక్కువ గేరులో వెళ్లండి. అదేపనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. సీట్లు చూసి మురిసిపోకండి, బరువులు లెక్కవేశాకే బయానా ఇవ్వండి.